కొక్కేనికి రెండో బిళ్ళ

మా కోల్డ్ స్టోరేజీలో నన్ను అందరూ చట్టంగారు అంటారు. నేను లాయరును కాను. సిబ్బంది విభాగంలో చిన్న ఉద్యోగిని. కార్మిక చట్టాల్లో ఏ మార్పు వచ్చినా ముందు నేను చదువుకుని, తర్వాత పని ఆపించి, అందరికీ అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. ఈ మధ్య చట్టాలు ఎంత తొందరగా మారుతున్నాయంటే, నేను కాగితాలు పట్టుకుని కనబడితే చాలు, నిన్న చెప్పింది ఇంకా ఉందా, పోయిందా అని మేస్త్రి అడుగుతాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. నా భార్య ఉన్న రోజుల్లో ఆవిడ కూడా, ఆ చట్టాలు మారినంత తరచుగా మీరు చొక్కా మార్చినా బాగుండును అనేది.

నేను చదివి వినిపించేది వెచ్చగదిలో. చలి గదుల్లో పనిచేసి బయటికి వచ్చినవాళ్ళు ఒళ్ళు కాచుకునే గది అది. ఒక హీటరు, కూర్చోవడానికి ఒక పొడవాటి బల్ల, టీ కెటిలు, గోడకు తగిలించిన మందపాటి కోట్లు. హీటరుకు దగ్గరగా ఉండే చోటును అప్పుడే బయటికి వచ్చినవాళ్ళకు వదిలేస్తారు. ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు, జరిగి కూర్చుంటారంతే. ఇన్నేళ్ళుగా చట్టాలు చదువుతున్నాను కానీ అంత మంచి నియమం ఏ చట్టంలోనూ చూడలేదు.

గదులన్నిటిలోకీ చివరిది బాగా చల్లనిది. గడ్డకట్టించిన చేపలూ బఠానీలూ అందులో ఉంటాయి. లోపలికి వెళ్ళేవాళ్ళు తమ ఇత్తడి బిళ్ళను తలుపు పక్కన కొక్కేనికి తగిలించి వెళ్ళాలి. బిళ్ళ ఉన్నంతసేపూ తలుపుకు గడియ వేయకూడదు. తలుపు దగ్గర మేస్త్రి ఉంటాడు. మధ్యమధ్య ఆ బిళ్ళ ఎవరిదో వాళ్ళను పేరుపెట్టి పిలుస్తాడు. లోపలివాళ్ళు "ఉన్నా" అనాలి. కొక్కేనికి ఎన్ని బిళ్ళలుంటే అన్ని పిలుపులు. ఒక బిళ్ళను పిలవకుండా వదిలేస్తే అరిష్టమని మేస్త్రికి గట్టి నమ్మకం. అతని నాన్న కూడా ఈ తలుపు దగ్గరే మేస్త్రిగా చేశాడు.

ఆ గదిలో చాలా ఏళ్ళు పనిచేసిన పెద్దాయనను అందరం మామ అనేవాళ్ళం. అలసిపోయిన వాళ్ళెవరైనా కనబడితే చాలు, వెనక తలుపు నుంచి బయటికి పంపేసి వాళ్ళ పనీ తానే చేసేవాడు. మేస్త్రి పిలిస్తే వాళ్ళ బదులు వాళ్ళ గొంతుతోనే పలికేవాడు. ఆడవాళ్ళ గొంతయినా సరే, అచ్చు దింపేవాడు. దొరికిపోతే, నేను చదివిన చట్టంలో పలకకూడదని ఎక్కడుందో చూపించమని నన్నే అడిగేవాడు. ఒక మధ్యాహ్నం లోపల ఒక్కడే ఉండగా మామ గుండె ఆగిపోయింది. మేస్త్రి పిలుస్తూనే ఉన్నాడు, జవాబు రాలేదు. మామ తమాషా చేస్తున్నాడేమో అనుకుని తలుపు తెరవకుండా కాసేపు ఆగాడు.

అలాంటి చావులు చాలాచోట్ల జరిగాయేమో, కొన్నాళ్ళకు చట్టం మారింది. గడ్డకట్టే చలి ఉన్న గదిలో ఎవరూ ఒంటరిగా పనిచేయకూడదు, ఇద్దరు ఉండాలి అని. నేను వెచ్చగదిలో చదివి వినిపిస్తుంటే ఎవరూ జోకులు వేయలేదు.

అప్పటికి మామ స్థానంలో ఒక అమ్మాయి వచ్చింది. పొట్టిగా, సన్నగా, తనకంటే పెద్ద పెట్టెలను ఎత్తుతూ ఉంటుంది కాబట్టి ఆమెకు చలిచీమ అని పేరు పడింది. భర్త లేడు. బడికి వెళ్ళే కూతురు ఉంది. నన్ను బాబాయ్ అంటుంది. ఆ రోజు అందరూ వెళ్ళాక నా దగ్గరికి వచ్చి, రెండో మనిషి ఎప్పుడు వస్తారని అడిగింది. అంత తొందర ఏమిటన్నాను. చలి బాగా ఎక్కినప్పుడు తనకు నిద్ర ముంచుకొస్తుందనీ, పెట్టెల మధ్య కాసేపు కూర్చుంటే ఎంతో హాయిగా ఉంటుందనిపిస్తుందనీ చెప్పింది. ఏదో చిన్న ముచ్చట చెప్పినట్టు నవ్వుతూ చెప్పింది. చలిలో వచ్చే ఆ నిద్ర ఎలాంటిదో నేను చదివాను. అందులోకి జారిపోయేవాళ్ళకు భయం కూడా వేయదట.

అదే రోజు మేనేజరు దగ్గరికి వెళ్ళాను. వయసులో నాకంటే చిన్నవాడు, చెడ్డవాడు కాదు. పైఆఫీసు కొత్త పోస్టు ఇవ్వడం లేదన్నాడు. మనిషి వచ్చేదాకా కొక్కేనికి రెండు బిళ్ళలు కనబడితే చాలదా సార్ అన్నాడు. చట్టం బిళ్ళల గురించి కాదు, మనుషుల గురించి అన్నాను. కొద్ది రోజులే అన్నాడు. నేను ఒప్పుకోలేదు. నా అభ్యంతరం రాసి పైకి పంపాను. జవాబు రాలేదు. ఈలోగా ఆయన మేస్త్రితో చెప్పి పని జరిపించేశాడు.

రెండో బిళ్ళ కోసం మేస్త్రి ఎక్కడా వెతకలేదు. మామ బిళ్ళ ఇంకా బిళ్ళల పెట్టెలోనే ఉంది. దాన్ని తీసేయడానికి ఎవరికీ చేతులు రాలేదు.

మొదటి రోజు నేను తలుపు దగ్గరే ఉన్నాను. కొక్కేనికి రెండు బిళ్ళలు వేలాడుతున్నాయి. లోపల ఉన్నది ఒక్క మనిషి. మేస్త్రి చలిచీమను పిలిచాడు. "ఉన్నానన్నా, ఎక్కడికి పోతాను" అంది. ఏదో ఒక మాట కలపకుండా ఆమె పలకదు. మేస్త్రి చూపు రెండో బిళ్ళ మీదికి వెళ్ళింది. అలవాటు కొద్దీ నోరు దానంతట అదే తెరుచుకుంది.

"మామా."

అనేశాక నాలుక కరుచుకున్నాడు. నా వైపు తప్పు చేసినవాడిలా చూశాడు. ఏదో అనబోయాను.

"ఉన్నా."

గొంతు దూరం నుంచి రాలేదు. తలుపుకు అవతల, మనిషి నిలబడేంత దగ్గర నుంచి వచ్చింది. మేస్త్రి గబుక్కున తలుపు తెరిచాడు. తెల్లటి పొగమంచు మా కాళ్ళ మీదికి పొర్లింది. గదిలో ఆ చివరి నుంచి చలిచీమ బండి తోసుకుంటూ వస్తోంది. ఆ అన్నది నువ్వేనా అని అడిగాను. నా పేరుకు నేను పలికాను, ఇంకో పేరుకు నేనెందుకు పలుకుతాను బాబాయ్ అంది.

ఆ బిళ్ళ తీసేయమని మేస్త్రికి చెప్పాను. తీసేస్తే ఒకటే మిగులుతుంది, గది తెరవకూడదు, మేనేజరు ఊరుకోడు అన్నాడు. పోనీ, ఉంచు, పిలవకు అన్నాను. ఉన్న బిళ్ళను పిలవకుండా ఎలా ఉంటాను చట్టంగారూ అని దీనంగా చూశాడు. అప్పటినుంచి మామ పేరును మాత్రం గొంతు తగ్గించి పిలిచేవాడు. ఎంత తగ్గించినా జవాబు వచ్చేది.

మేనేజరు ఒకరోజు స్వయంగా వచ్చి విన్నాడు. ముఖం పాలిపోయింది. గబగబా వెళ్ళిపోయాడు. మర్నాడు మళ్ళీ నేను రెండో మనిషి మాట ఎత్తితే, బల్ల మీద కాగితాలు సర్దుకుంటూ, "ఇద్దరూ పలుకుతున్నారుగా సార్" అన్నాడు. వెటకారమేమో అనుకున్నాను. కాదు. సెలవడగని మనిషి దొరికాడు, ఇంకెందుకని ఆయన మనసు ఎక్కడో సర్దుకుపోయింది.

ఆయన ఒక్కడేనా. వెచ్చగదిలో ఎవరో మామ కప్పు కడిగి బల్ల మీద పెట్టడం మొదలుపెట్టారు. గడ్డకట్టిన గదిలోంచి ఒక చనిపోయిన మనిషి పలుకుతుంటే, ఇవతల లారీలు వస్తున్నాయి, పోతున్నాయి. లెక్క సరిపోతోంది.

ఒక సాయంత్రం ఇంట్లో ఒక్కణ్ణే కూర్చుని ఉన్నాను. పిలిస్తే పలుకుతారు అన్న ఆలోచన వచ్చింది. వంటింటి వైపు చూశాను. నా భార్య పేరు నాలుక చివరిదాకా వచ్చింది. పిలవలేదు. చివరి రోజుల్లో ఆవిడ ఎంత అలసిపోయిందో చూసినవాణ్ణి. కాస్త నిద్ర పట్టిన మనిషిని లేపితే పాపం అనిపించింది. అప్పుడు మామ గుర్తొచ్చాడు. ఆయననేమో మేము పూటకు ఎన్నిసార్లు లేపుతున్నామో.

చలిచీమకు భయం లేదు. మొదట్లో ఉండేదేమో, తర్వాత పోయింది. బరువు పెట్టె ఎత్తబోతే రెండో వైపు ఎవరో పట్టినట్టు తేలికగా లేస్తోందని చెప్పింది. పెట్టెల మీద చీటీలన్నీ మామకు అలవాటైనట్టు బయటి వైపుకు తిరిగి ఉంటున్నాయంది. మాట్లాడతాడా అని అడిగాను. ఆలోచించి చెప్పింది.

"పెద్దగా ఏం మాట్లాడడు బాబాయ్. పక్కన ఉన్నట్టు తెలుస్తుంది. మామ పక్కనుంటే చలే తెలియదు."

ఆ ఆఖరి మాట నాకు అస్సలు నచ్చలేదు. ఆ రోజు నుంచి గమనిస్తున్నాను. విరామానికి ఆమె ఆలస్యంగా వస్తోంది. వేళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటున్నాయి. బయటికి వచ్చినా హీటరు దగ్గరికి పోవడం లేదు, గుమ్మం దగ్గరే నిలబడుతోంది. కూర్చోబెట్టి చెప్పాను. రెండో మనిషి ఉండాలన్నది పెట్టెలు మోయడానికి కాదమ్మా, ఆ మనిషికీ చలి వేయాలి, చలి వేసి, ఇక చాలు పద అని నిన్ను లాక్కురావాలి. చలి అంటే ఏమిటో మరిచిపోయినవాడు నిన్నెలా లాక్కొస్తాడు? చలిచీమ నవ్వింది. "మామ మంచోడు బాబాయ్" అంది. మంచివాడు కాదని నేను అనలేదు.

మళ్ళీ పైకి రాశాను. ఈసారీ జవాబు రాలేదు కానీ చట్టానికే ఒక సవరణ వచ్చింది. చలి గదిలో పనిచేసే ప్రతి మనిషీ పూటపూటకూ బయటికి వచ్చి, వెచ్చని చోట విశ్రాంతి తీసుకుని తీరాలి. ఏ హోదావాళ్ళకూ మినహాయింపు లేదు. మధ్యాహ్నం ఆ కాగితం చేతికి రాగానే, విరామంలో చదివి వినిపిద్దామని వెచ్చగదికి వెళ్ళాను. ఆ రోజు పెద్ద లోడు. లారీ వెనక్కి పెట్టుకుని సిద్ధంగా ఉంది.

విరామం అయ్యింది. మిగిలిన గదులవాళ్ళు వచ్చి కూర్చున్నారు. చలిచీమ రాలేదు. నేను చలి గది తలుపు దగ్గరికి వెళ్ళాను.

మేస్త్రి పిలిచాడు. "ఉన్నా" అని ఆమె గొంతు వినిపించింది. మామను పిలిచాడు. "ఉన్నా" అని మామ పలికాడు. సరే అని లారీ వైపు తిరిగాడు. నేను అతని చెయ్యి పట్టుకుని ఇంకోసారి పిలవమన్నాను. ఇద్దరూ పలికారు. ఆమె గొంతే, అందులో తేడా లేదు. కానీ ఎప్పుడూ తోక తగిలించే పిల్ల, ఇవాళ ఒక్క ముక్కతో ఆగిపోయింది. నేనే తలుపుకు నోరు ఆనించి అడిగాను.

"చలిచీమా, మీ అమ్మాయి ఇవాళ బడికి వెళ్ళిందా?"

"ఉన్నా" అంది ఆ గొంతు.

తలుపు ఎలా తెరిచామో గుర్తులేదు. వెనకాల పెట్టెల వరుసల మధ్య కింద కూర్చుని ఉంది, బస్సులో నిద్రపోయే మనిషిలా తల పక్కకు వాల్చి. రెప్పల మీద మంచు. పెదవులు నీలంగా ఉన్నాయి. ముఖంలో మాత్రం ఎంతో ప్రశాంతత. ఆమె పక్కన పెట్టె మీద అంతటా మంచు పేరుకుని ఉంది. ఒక్కచోట, ఒక మనిషి కూర్చునేంత మేర, లేదు.

మేస్త్రి ఆమెను చిన్నపిల్లను ఎత్తినట్టు ఎత్తుకొచ్చాడు. వెచ్చగదిలో అందరూ లేచి చోటిచ్చారు. కోట్లు కప్పారు. తలా ఒక చెయ్యో కాలో తమ చేతుల మధ్య పెట్టుకున్నారు. కంగారులో గట్టిగా రుద్దబోయిన వాళ్ళను నేను వద్దన్నాను, నెమ్మదిగానే వేడెక్కాలి. చాలాసేపటికి ఒళ్ళు వణకడం మొదలైంది. ఒక మనిషి వణుకుతుంటే చూసి అంత సంతోషించడం నా జీవితంలో అదే మొదలు. కళ్ళు తెరిచి అందరినీ చూసి, ఎవరూ అడక్కుండానే చెప్పింది.

"కాసేపు కూర్చో తల్లీ, అలసిపోయావు. పిలిస్తే నేను పలుకుతాలే అన్నాడు మామ."

మేస్త్రి గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. బతికున్నప్పుడు చేసినట్టే చేశాడు మామ, ఏ తేడా లేకుండా.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. ఆమెను చూశాడు. లారీ సంగతి అడగడానికి నోరు తెరిచి, మూసుకున్నాడు. ఇక ఎవరూ ఆ గదిలోకి వెళ్ళరని చెప్పి, నేను కాగితం తీసుకుని చలి గది తలుపు దగ్గరికి వెళ్ళాను. తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల దీపాలు వెలుగుతున్నాయి. వరుసల మధ్య ఎవరూ లేరు. అందరికీ చదివినట్టే, నిదానంగా, ప్రతి మాటా అర్థమయ్యేలా సవరణ చదివాను. ప్రతి మనిషీ బయటికి వచ్చి విశ్రాంతి తీసుకుని తీరాలి. మినహాయింపు లేదు. నా నోట్లోంచి ఆవిరి వచ్చింది. చదవడం అయ్యాక కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"మామా, విన్నావుగా. ఇక బయటికి రా. నిన్నెవరూ పిలవరు" అన్నాను.

ఎక్కడో యంత్రం గురగురలాడుతోంది. తర్వాత ఆ గొంతు, ఇన్నాళ్ళలో మొదటిసారి మాకు వినబడేలా, వేరే మాట అంది.

"మరి ఆ పిల్లకి?"

నా వెనక ఎవరో చిన్నగా ఏడ్చారు. మేనేజరని తర్వాత తెలిసింది. ఆఫీసువాళ్ళకు బిళ్ళలు ఉండవు. నా తాళాల గుత్తి తీసి కొక్కేనికి తగిలించాను. మామ బిళ్ళను నా చేతుల్లోకి తీసుకున్నాను. వేళ్ళకు అతుక్కునేంత చల్లగా ఉంది.

"మనిషి వచ్చేదాకా నేనుంటాను" అన్నాను.

చలి నా పక్కగా కదిలింది. గాలి కాదు. మనిషి తోసుకోకుండా, ఒద్దికగా పక్కకు ఒదిగి గుమ్మం దాటితే ఎలా ఉంటుందో అలా. వెచ్చగదిలో హీటరుకు దగ్గరగా కూర్చున్నవాళ్ళు, ఎందుకో తెలియకుండానే, జరిగి చోటిచ్చారు. ఖాళీ అయిన చోట బల్ల మీద తడి మెల్లగా పరుచుకుంది. మంచు కరిగితే వచ్చే తడి. మేస్త్రి మామ కప్పులో టీ పోసి ఆ తడి పక్కన పెట్టాడు. టీ చల్లారేదాకా ఎవరూ లేవలేదు. అప్పటికి బల్ల ఆరిపోయింది.

చలిచీమ కోలుకుని వచ్చాక, రోజూ ఆమెతో లోపలికి వెళ్ళేది నేనే. అరువు కోటు నా మోకాళ్ళు దాటి వేలాడేది. లోపల అడుగు పెట్టగానే పళ్ళు టకటకలాడేవి. నేను ఒక్క పెట్టె కూడా సరిగ్గా ఎత్తలేను. నా వల్ల అయిన పని ఒక్కటే, గొణగడం. చలేస్తోందమ్మా, చాలమ్మా, పద బయటికి అని దారి పొడవునా గొణిగేవాణ్ణి. పదవీ విరమణ వయసు పెంచిన సవరణ మీకు ఎంత పని చేసింది బాబాయ్ అని చలిచీమ నవ్వేది. నవ్వుతూనే వెంట వచ్చేది. మేస్త్రి బయటి నుంచి నన్ను పిలిస్తే "ఉన్నానయ్యా, ఇంకాసేపుంటే ఉండను" అనేవాణ్ణి.

కోటులో వణికిపోయే ముసలివాణ్ణి రోజూ చూడటం మేనేజరు వల్ల కాలేదు. పైఆఫీసుకు ఫోను చేసి ఏం చెప్పాడో తెలియదు. పోస్టు వచ్చింది.

కొత్తగా చేరినావిడకు మొదటి రోజే రేడియో అని పేరు పడింది. కోటు మందం చాలదంటుంది, బూట్లలోకి చలి దూరుతోందంటుంది, ఇదేం ఉద్యోగం, ఇవేం పెట్టెలు అంటుంది. ఆవిడ చేరిన రోజు నేను తలుపు దగ్గరికి వెళ్ళి నా తాళాల గుత్తి తీసుకున్నాను. మేస్త్రి చలిచీమను పిలిచాడు. పలికి, ఏదో కబురు కూడా చెప్పింది. రేడియోను పిలిచాడు. ఉన్నాను కానీ ముక్కు మాత్రం లేదని జవాబు.

ఆ ఇద్దరి బిళ్ళలు తప్ప కొక్కేనికి ఇంకేమీ లేదు. అయినా మేస్త్రి కదల్లేదు. నేనూ కదల్లేదు. తలుపుకు కాస్త దగ్గరగా వంగి ఇద్దరం విన్నాం. యంత్రం చప్పుడు. బండి చక్రాల చప్పుడు. తర్వాత రేడియో గొంతు, తలుపు వైపే వస్తూ: "నా వల్ల కాదమ్మా, చేతులు చచ్చిపోతున్నాయి, నువ్వు కూడా రా, రమ్మంటుంటే. ముందు నడు."